చలి కబురు చర్మం నుంచి మెదడుకి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చలి, చల్లదనం, మొద్దుబారడం గురించి అడిగినవే ఎక్కువ. ఒకదాని జవాబు ఇంకొకదానికి పనికొస్తుంది కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: రాత్రంతా ఒకే గదిలో పక్కపక్కనే ఉన్న స్టీలు గ్లాసునీ చెక్క పెట్టెనీ పొద్దున్నే ముట్టుకుంటే స్టీలే చల్లగా తగులుతుంది. రెండిటి ఉష్ణోగ్రతా ఒకటే కదా? మన చర్మం పొరబడుతోందా?

జవాబు: చర్మం సరిగ్గానే చెబుతోంది. అది దేని గురించి చెబుతోందో మనం తప్పుగా అనుకుంటున్నాం. చర్మంలోని నరాల కొసలకి స్టీలు ఎంత చల్లగా ఉందో తెలిసే దారి లేదు. తమ చుట్టూ ఉన్న చర్మం ఎంత చల్లబడింది, ఎంత వేగంగా చల్లబడింది అన్నదే వాటికి తెలుస్తుంది. చేతి చర్మం 33 డిగ్రీల దగ్గర, గది 20 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకోండి. స్టీలుని తాకగానే చర్మం, లోహం కలిసేచోట ఉష్ణోగ్రత దాదాపు 22 డిగ్రీలకి పడిపోతుంది. చెక్కని తాకితే 30 దగ్గరే ఆగుతుంది. స్టీలు మన వేడిని లాక్కుని వెంటనే లోపలికి పంచేస్తుంది. చెక్క అలా పంచలేదు, దాని పైపొరే కాస్త వేడెక్కి ఊరుకుంటుంది. 22కీ 30కీ ఉన్న ఆ తేడానే మీ చెయ్యి చెప్పింది.

వేగం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అరచేతిలో బొటనవేలి మొదట్లో చర్మం ఒక్కసారిగా 0.2 డిగ్రీలు తగ్గినా చాలామందికి తెలిసిపోతుంది. అదే చర్మాన్ని సెకనుకి 0.1 డిగ్రీకన్నా బాగా నెమ్మదిగా చల్లబరుస్తూ పోతే, కొన్ని డిగ్రీలు పడిపోయేదాకా తెలియదు. చల్లటి గదిలో కదలకుండా కూర్చున్నవాళ్ళ కాళ్ళు తెలియకుండానే గడ్డకట్టినట్టు అయిపోవడానికి కారణం ఇదే.

ప్రశ్న: ముంజేతి మీద చల్లటి నీటిబొట్టు పడింది. ఆ సంగతి మెదడుకి చేరేలోపు ఏమేం జరుగుతుంది? వివరంగా చెప్పగలరా?

జవాబు: తప్పకుండా. చాలా పుస్తకాలు ‘చర్మంలోని గ్రాహకాలు మెదడుకి సంకేతం పంపుతాయి’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. అసలు విశేషాలన్నీ ఆ వాక్యం లోపలే ఉన్నాయి.

మొదలు చర్మం పైపొరలో. అక్కడిదాకా వచ్చే సన్నటి నరాల కొసలకి తొడుగు ఉండదు. ఆ కొసల పొరలో టీఆర్‌పీఎం8 అనే ప్రోటీను ఉంటుంది. ఒకే రకం ముక్కలు నాలుగు గుండ్రంగా చేరి, మధ్యలో ఒక సన్నటి దారి ఏర్పరుస్తాయి. వెచ్చగా ఉన్నప్పుడు ఆ దారి చాలావరకు మూసే ఉంటుంది. చల్లబడేకొద్దీ తెరుచుకుంటుంది, సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి. ఈ ప్రోటీనుని వేరే కణాల్లో పెట్టి కొలిస్తే 25–28 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. చర్మంలో ఉన్న నరం ఇంకా చురుకైనది, 33 నుంచి ఒక డిగ్రీ లోపు తగ్గినా స్పందిస్తుంది. దానికి తోడు, మామూలుగా పొటాషియాన్ని బయటికి వదులుతూ నరాన్ని శాంతంగా ఉంచే కొన్ని ద్వారాలు చలికి మూసుకుపోతాయి. అంటే ఒకపక్క యాక్సిలరేటరు నొక్కుతూనే ఇంకోపక్క బ్రేకు వదిలేసినట్టు. రెండూ కలిసి నరం పొర మీది విద్యుత్తుని ఒక హద్దు దాటిస్తాయి. అక్కడి నుంచి విద్యుత్ స్పందనలు వరుసగా బయల్దేరతాయి.

ఉష్ణోగ్రత పడిన క్షణంలో ఈ స్పందనలు గుంపుగా వస్తాయి. చర్మం కొత్త ఉష్ణోగ్రతలో నిలకడపడగానే పలచబడతాయి. బొట్టు పడగానే ఉలిక్కిపడి, కాసేపటికి దాన్ని మరిచిపోవడం ఇందువల్లే. చర్మం సుమారు 30–36 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటే చల్లగానూ అనిపించదు, వెచ్చగానూ అనిపించదు.

ఈ ప్రోటీనుని 2002లో రెండు బృందాలు విడివిడిగా గుర్తించాయి. ఒకటి డేవిడ్ జూలియస్‌ది, ఇంకొకటి ఆర్డెమ్ పటపూటియన్‌ది. ఉష్ణోగ్రతనీ స్పర్శనీ పసిగట్టే గ్రాహకాల మీద చేసిన కృషికి ఇద్దరికీ కలిపి 2021లో నోబెల్ వచ్చింది. అయితే టీఆర్‌పీఎం8తోనే కథ పూర్తి కాలేదు. 2007లో ఆ జన్యువు లేని చిట్టెలుకల మీద మూడు బృందాలు ఫలితాలు ప్రకటించాయి. ఆ చిట్టెలుకలు గోరువెచ్చని చోటుకీ చల్లటి చోటుకీ తేడా కనుక్కోలేకపోయాయి. కానీ 10 డిగ్రీలకన్నా తక్కువ ఉన్న పలక మీద పెడితే మాత్రం పక్కకి తప్పుకున్నాయి. అంటే హాయైన చల్లదనానికీ కొరికే చలికీ వేర్వేరు కాపలాదారులు ఉన్నారన్నమాట. చిట్టెలుకల్లో ఆ రెండో కాపలాదారుల్లో ఒకటి గ్లూకే2 అనే ప్రోటీను అని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో చూపించారు. మెదడులో నాడీకణాల మధ్య గ్లూటమేటు సందేశాలు అందుకునే ప్రోటీనే చర్మపు నరాల్లో చలిని పట్టే పనికి కుదిరిందంటే ఆశ్చర్యమే.

ఇక తీగల సంగతి. చలి కబురు రెండు రకాల తంతువుల్లో నడుస్తుంది. మైలిన్ అనే కొవ్వు పదార్థపు పలచటి తొడుగున్న ఏ-డెల్టా తంతువుల్లో వేగం సెకనుకి 5 నుంచి 30 మీటర్లు. తొడుగు లేని సి తంతువుల్లో అర మీటరు నుంచి 2 మీటర్లు. కాలి బొటనవేలి నుంచి వెన్నుపాముకి దాదాపు ఒక మీటరు అనుకుంటే, మొదటి దారిలో సెకనులో పదో వంతు, అంతకన్నా తక్కువే పట్టవచ్చు. రెండో దారిలో ఒక సెకను, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. చల్లదనం ముందు, బాధ తర్వాత తెలియడానికి ఈ తేడా ఒక కారణం.

తంతువులు వెన్నుపాము వెనక కొమ్ములో ముగుస్తాయి. ముఖం నుంచి వచ్చేవి మాత్రం ట్రైజెమినల్ అనే ముఖపు నరం గుండా నేరుగా మెదడు కాండానికి, అంటే మెదడుని వెన్నుపాముతో కలిపే భాగానికి, వెళ్తాయి. వెన్నుపాముని ఉత్తరం చేతులు మారే తపాలా కార్యాలయంలా చాలాకాలం చూశారు. 2025లో మిషిగన్‌లోనే బో డువాన్ బృందం చిట్టెలుకల్లో ఇంకో సంగతి చూపించింది. చర్మం నుంచి వచ్చిన చల్లదనపు సంకేతాన్ని వెన్నుపాములోని ఒక ప్రత్యేకమైన నాడీకణాల గుంపు పెద్దది చేసి, ఆ తర్వాతే మెదడుకి వెళ్ళే కణాలకి అందిస్తుంది. ఆ గుంపుని పనిచేయకుండా చేస్తే 15–25 డిగ్రీల చల్లదనం సంకేతం మిగతా సందడిలో కలిసిపోతుంది. వేడిని, కొరికే చలిని తెలిపే దారులు వేరుగా ఉన్నాయి.

వెన్నుపాములో అడుగుపెట్టాక సంకేతం ఒకటి రెండు వెన్నుపూసల ఎత్తులోనే అవతలి పక్కకి దాటుతుంది. ఎడమ కాలి చల్లదనం కుడి మెదడుకి చేరుతుంది. అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఒకటి మెదడు మధ్యలో కబుర్లు అందుకుని పంచే థాలమస్ మీదుగా ఇన్సులా అనే లోపలి మడతకి వెళ్తుంది. ‘చల్లగా ఉంది, ఫలానా చోట ఉంది’ అని మనకి తెలియడానికి ఈ దారి కావాలి. రెండోది మెదడు కాండంలోని పారాబ్రేకియల్ కేంద్రం మీదుగా, ఒంటి వేడిని అదుపులో ఉంచే హైపోథాలమస్‌కి వెళ్తుంది. చర్మపు రక్తనాళాలు ముడుచుకోవడం, వణుకు పుట్టడం దీని పని. ఎలుకల్లో థాలమస్ దారిని దెబ్బతీసినా శరీరం చలికి సరిగ్గానే స్పందిస్తుందని 2008లో తేలింది. చలి తెలియడం, చలికి శరీరం తయారవడం ఒకదాని మీద ఒకటి ఆధారపడినవి కావు.

దాటే చోటు తెలిస్తే జబ్బు ఎక్కడుందో చెప్పడం వైద్యులకి సులువు. వెన్నుపాము ఒక పక్క దెబ్బతింటే స్పర్శ, కదలిక అదే పక్కన పోతాయి, చలి-వేడి-నొప్పి తెలియడం మాత్రం అవతలి పక్కన పోతుంది. వెన్నుపాము నడిమధ్యలో నీటితిత్తి పెరిగితే రెండు చేతుల్లోనూ, భుజాల మీదా చలి-వేడి తెలియవు, స్పర్శ మామూలుగానే ఉంటుంది. ఒక పక్క ముఖంలో, రెండో పక్క ఒంటి మీద హఠాత్తుగా చల్లదనం తెలియకుండా పోతే, దానికి తోడు తల తిరగడం, మింగడం కష్టమవడం ఉంటే, అది మెదడు కాండంలో పక్షవాతం కావచ్చు. తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, అప్పుడే ఆస్పత్రికి వెళ్ళండి.

ప్రశ్న: బాగా వేడినీళ్ళు చేతిమీద పడినప్పుడు మొదటి క్షణం చల్లగా అనిపించింది. భ్రమా?

జవాబు: భ్రమే, కానీ దానికి తగిన కారణం ఉంది. స్వీడన్ శాస్త్రవేత్త మాగ్నస్ బ్లిక్స్ 1880లలో చర్మం మీద చలి తెలిసే చుక్కలు వేరు, వెచ్చదనం తెలిసే చుక్కలు వేరు అని చూపించాడు. చలి చుక్కలే చాలా ఎక్కువ. చలి తంతువుల్లో కొన్ని 45 డిగ్రీలు దాటిన వేడికి కూడా మళ్ళీ మోగుతాయి. అవి మోగితే మెదడుకి తెలిసిన అర్థం ఒకటే: చలి. చలి అనిపించింది కదా అని చెయ్యి అలాగే ఉంచకండి, 45 డిగ్రీల పైన నీళ్ళు చర్మాన్ని కాల్చగలవు.

ప్రశ్న: పుదీనా మింటు బిళ్ళ చప్పరించాక మామూలు నీళ్ళు తాగితే ఐసు నీళ్ళలా ఉంటాయి. జలుబుకి రాసే మెంథాల్ లేపనం పీలిస్తే ముక్కు తెరుచుకుంటుంది. రెండూ ఒకటేనా?

జవాబు: రెండిట్లోనూ పనిచేసేది మెంథాలే, తగిలే గ్రాహకం టీఆర్‌పీఎం8. మెంథాల్ ఆ ద్వారానికి అతుక్కుంటే, మామూలుగా ఏ ఉష్ణోగ్రతకి తెరుచుకోదో ఆ వెచ్చటి ఉష్ణోగ్రతలోనే తెరుచుకుంటుంది. నోరు చల్లబడలేదు, అలారం మోగే హద్దు కాస్త వెచ్చటి వైపుకి జరిగింది అంతే. నోట్లో థర్మామీటరు పెట్టి చూసినా తేడా కనబడదు. నీళ్ళు తాగితే ఆ కొద్దిపాటి చల్లదనమే పెద్ద సంకేతమవుతుంది.

ముక్కు సంగతి ఇంకా ఆసక్తికరం. మెంథాల్ పీల్చినవాళ్ళలో ముక్కు గుండా గాలికి ఎదురయ్యే అడ్డు ఎంతో కొలిస్తే, అది తగ్గలేదని తేలింది. అయినా శ్వాస హాయిగా ఆడుతున్నట్టుంటుంది. ముక్కు లోపలి పొర గాలి ప్రవాహాన్ని పసిగట్టేది ఎక్కువగా ఆ గాలి వల్ల కలిగే చల్లదనం ద్వారానే. మెంథాల్ ఆ చల్లదనాన్ని పెంచితే మెదడు ‘గాలి బాగా వస్తోంది’ అనుకుంటుంది. ఉపశమనం నిజమే, దిబ్బడ మాత్రం అలాగే ఉంటుంది.

జాగ్రత్తలు రెండు. రెండేళ్ళలోపు పిల్లలకి మెంథాల్, కర్పూరం ఉన్న లేపనాలు రాయకూడదు, ముక్కు దగ్గర అసలే వద్దు. ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. కండరాల నొప్పికి రాసే గాఢమైన మెంథాల్ లేపనం మీద గట్టిగా కట్టు కట్టడం, వేడి కాపడం పెట్టడం చేయకండి. 3 శాతం మించి మెంథాల్ ఉన్నవాటితో అరుదుగా చర్మం కాలిన సంఘటనలున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరించింది.

ప్రశ్న: మంచునీళ్ళలో పనిచేస్తే చేతులు మొదట విపరీతంగా నొప్పి పుడతాయి, తర్వాత మొద్దుబారతాయి, బయటికి తీశాక మళ్ళీ మంట. ఎందుకిలా? వెచ్చబరచడానికి సరైన పద్ధతేది?

జవాబు: చర్మం 15 డిగ్రీలు దాటి దిగితే చల్లదనం బాధగా మారుతుంది. ఈ బాధ చర్మంలోదే కాదు, లోపలి సిరల గోడల్లోని నరాలది కూడా. అందుకే ఎముకల్లో లాగినట్టు ఉంటుంది. ఇంకా చల్లబడితే తంతువులే నెమ్మదిస్తాయి. చేతి నరాల్లో వేగం ఒక్కో డిగ్రీకి సెకనుకి సుమారు 2 మీటర్లు తగ్గుతుంది. (నరాల పరీక్షకి వెళ్ళేవాళ్ళకి ఇది పనికొచ్చే మాట. చెయ్యి చల్లగా ఉంటే నరం బాగున్నా వేగం తక్కువ చూపిస్తుంది. చర్మం 32 డిగ్రీలకి తగ్గకుండా వెచ్చబరిచాకే పరీక్ష చెయ్యాలి, చెయ్యకపోతే అడగండి.) వేలి చర్మం 15 డిగ్రీల దగ్గర వేళ్ళు కొంకర్లు పోయి చిన్న పనులు కుదరవు. 8 డిగ్రీల దగ్గరకి వచ్చేసరికి స్పర్శ దాదాపు పోతుంది.

మొద్దుబారుతున్నా నొప్పి ఎందుకు చివరిదాకా ఉంటుంది? నరంలో స్పందన పుట్టాలంటే సోడియం ద్వారాలు కావాలి. వాటిలో చాలా రకాలు చలికి చేతులెత్తేస్తాయి. నొప్పి నరాల్లో ఉండే నావ్ 1.8 అనే రకం మాత్రం చలిలోనూ పనిచేస్తుంది. 2007లో తేలిన సంగతి ఇది. మిగతా కబుర్లన్నీ ఆగిపోయినా ప్రమాద సూచన ఆఖరుదాకా నడవడానికి ఇదే ఆధారం.

అయిదు, పది నిమిషాలు ఉంచితే వేళ్ళు కాసేపు ఎర్రబడి వెచ్చబడటం మీరు చూసే ఉంటారు. చలికి ముడుచుకున్న రక్తనాళాలు మధ్యమధ్యలో తెరుచుకుంటాయి, మళ్ళీ ముడుచుకుంటాయి. బ్రిటన్ వైద్యుడు థామస్ లూయిస్ 1930లో దీన్ని వర్ణించాడు. అదేదో చెయ్యి అలవాటుపడిందనుకుని పని కొనసాగించకండి.

వెచ్చబరిచే పద్ధతి: ముందు తడి తుడవండి, ఉంగరాలు తీసెయ్యండి. మామూలుగా మొద్దుబారితే చేతులు చంకల్లో పెట్టుకుంటే చాలు. చర్మం తెల్లగా, మైనంలా, నొక్కితే గట్టిగా ఉంటే అది గడ్డకట్టింది. 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళలో మెత్తబడి ఎర్రబడేదాకా, సుమారు అరగంట ఉంచాలి. నీళ్ళు చల్లారిపోతుంటాయి, థర్మామీటరుతో చూస్తూ వేడినీళ్ళు కలపండి, కలిపేటప్పుడు చెయ్యి బయటికి తియ్యండి. నీళ్ళ వేడిని ఆ చేత్తోనే చూడటం అందరూ చేసే తప్పు. మొద్దుబారిన చెయ్యి 50 డిగ్రీలనీ గోరువెచ్చగానే చెబుతుంది. మంట దగ్గర, హీటరు దగ్గర పెట్టకపోవడానికీ అదే కారణం. రుద్దకండి, లోపలి మంచు పలుకులు కణాలని చీలుస్తాయి. మళ్ళీ గడ్డకట్టే అవకాశం ఉన్నచోట కరిగించకండి, రెండోసారి గడ్డకడితే నష్టం ఎక్కువ. కరిగేటప్పుడు నొప్పి తీవ్రంగా ఉంటుంది: నరాలు తిరిగి మేల్కొంటాయి, రక్తం ఒక్కసారిగా వస్తుంది. బొబ్బలు వచ్చినా, రంగు తిరిగి రాకపోయినా వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

ప్రశ్న: జ్వరం 39 డిగ్రీలున్నా ఎందుకు చలి వేస్తుంది? దుప్పటి కప్పాలా, తీసెయ్యాలా?

జవాబు: హైపోథాలమస్ ఒంటి వేడిని 37 దగ్గర ఉంచాలని చూస్తుంది. ఇన్ఫెక్షన్ వస్తే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం ఆ లెక్కని పైకి, ఉదాహరణకి 39.5కి, మారుస్తుంది. ఒళ్ళు 38లో ఉన్నా మెదడు దృష్టిలో అది తక్కువే. చర్మానికి వెళ్ళే రక్తం తగ్గుతుంది, చర్మం నిజంగానే చల్లబడుతుంది, చలి నరాలు మోగుతాయి, వణుకు పుడుతుంది. లోపల కాగుతూ పైన చలి వేయడంలో వైరుధ్యం లేదు.

వణుకు ఉన్నంతసేపు పలచటి దుప్పటి ఇవ్వండి. ఈ దశలో చల్లటి నీళ్ళతో ఒళ్ళు తుడిస్తే చర్మం నుంచి చలి సంకేతం ఇంకా పెరిగి వణుకు ఎక్కువవుతుంది, వణుకే మరింత వేడి పుట్టిస్తుంది. పారాసెటమాల్ ప్రోస్టాగ్లాండిన్‌ని తగ్గించి లెక్కని కిందికి తెస్తుంది. అప్పుడు చెమట పడుతుంది, దుప్పటి తీసెయ్యొచ్చు. మూడు నెలల్లోపు పసిబిడ్డకి 38 వస్తే ఇవేవీ చేస్తూ కూర్చోకండి, వెంటనే వైద్యుడికి చూపించండి.

ప్రశ్న: నాకు పదేళ్ళుగా షుగరు ఉంది. స్నానాల గది నేల చల్లగా ఉందో లేదో ఈమధ్య పాదాలకి తెలియడం లేదు. నరాల పరీక్షలో అంతా బాగుందన్నారు. పట్టించుకోనవసరం లేదా?

జవాబు: పట్టించుకోవాలి. మామూలు నరాల వేగం పరీక్ష మందమైన తంతువులనే కొలుస్తుంది. చలిని మోసే ఏ-డెల్టా, సి తంతువులు సన్నవి, దానికి దొరకవు. షుగరు చాలామందిలో ముందుగా దెబ్బతీసేది వీటినే. పరీక్ష బాగుండి పాదం చల్లదనాన్ని చెప్పలేకపోవడం విడ్డూరమేమీ కాదు.

ఇంట్లో ఇలా చూసుకోండి. రెండు ఒకే రకం స్టీలు చెంచాలు తీసుకుని ఒకటి 15–20 డిగ్రీల నీళ్ళలో, ఇంకొకటి 35 డిగ్రీల నీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచి తుడవండి. ముందు ముంజేతికి తాకించి తేడా తెలుస్తోందని రూఢి చేసుకోండి. తర్వాత కళ్ళు మూసుకోండి. ఇంకొకరు పాదం పైభాగంలో, కాయలు లేనిచోట, రెండేసి సెకన్లు తాకించాలి, వరుస పాటించకూడదు. చెంచాలు మధ్యమధ్య నీళ్ళలో ముంచి తుడుస్తూ ఉండాలి. పదిసార్లు అడిగించుకోండి. ఊహించి చెప్పినా సగటున అయిదు సరిపోతాయి కాబట్టి ఏడు లోపు వస్తే తెలియనట్టే లెక్క. రెండు పాదాలూ విడిగా చూడండి. ఇది రోగ నిర్ధారణ కాదు, వైద్యుడికి చెప్పడానికి పనికొచ్చే ఆధారం.

ఆస్పత్రిలో అడగదగిన పరీక్షలు రెండున్నాయి. ఒకదాంట్లో చర్మం మీద చిన్న పలక పెట్టి 32 డిగ్రీల నుంచి సెకనుకి ఒక డిగ్రీ చొప్పున చల్లబరుస్తారు, తెలిసిన క్షణంలో మీరు బొత్తాం నొక్కాలి. రెండోది చీలమండకి 10 సెంటీమీటర్ల పైన 3 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి, పైపొరలో నరాల కొసలెన్ని ఉన్నాయో లెక్కించడం.

ఈలోగా పాదాలకి వేడినీళ్ళ సంచి, హీటింగ్ ప్యాడు వద్దు. స్నానం నీళ్ళని మోచేత్తోనో థర్మామీటరుతోనో చూడండి, పాదంతో వద్దు. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోండి. చల్లదనం తెలియని పాదానికి కాలడం కూడా తెలియకపోవచ్చు.

ప్రశ్న: చల్లనిది తగిలితే ఒక పన్ను జివ్వుమంటుంది. లవంగ నూనె రాస్తే తగ్గుతుంది. ఎందుకు?

జవాబు: ఎనామెల్ అరిగో, చిగురు కిందికి జారో లోపలి డెంటిన్ బయటపడితే దాని సన్నటి గొట్టాల్లోని ద్రవం చల్లదనానికి కదిలి నరాన్ని లాగుతుందని పాత వివరణ. అది ఇప్పటికీ నిలిచే ఉంది. దానికి తోడు, పంటిలో డెంటిన్‌ని తయారుచేసే ఓడొంటోబ్లాస్టు కణాల్లో టీఆర్‌పీసీ5 అనే చలి ద్వారం ఉందని 2021లో చిట్టెలుకల్లో కనుగొన్నారు. లవంగ నూనెలోని యూజినాల్ ఆ ద్వారాన్ని మూస్తుంది. ఒకటి రెండు క్షణాలు జివ్వుమని ఆగిపోతే సున్నితపు పళ్ళకి వాడే పేస్టు కొన్ని వారాలు చూడండి. చల్లనిది తీసేశాక కూడా అర నిమిషం పైగా సలుపుతుంటే లోపలి గుజ్జు వాచింది, నూనెతో సరిపెట్టుకోకుండా దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: ఆరేసిన బట్టలు చలిరోజున ఆరాయో లేదో చేత్తో చూసి చెప్పలేం. ఎందుకు?

జవాబు: మన చర్మంలో తడిని కొలిచే గ్రాహకమే లేదు. చల్లదనం, ఒత్తిడి, బట్ట జారే తీరు కలిపి మెదడు ‘తడి’ అని తీర్మానిస్తుంది. పొడిగా ఉన్నా చల్లగా ఉన్న బట్ట అందుకే తడిగా తోస్తుంది. వెచ్చటి గదిలో పదినిమిషాలు ఉంచి మళ్ళీ ముట్టుకోండి. పొడిదైతే గది వేడికి వస్తుంది. తడిదైతే నీరు ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి ఇంకా చల్లగానే తగులుతుంది.